నిండు ట్యాంకు, ఖాళీ సెన్సరు

యంత్రాలు మనిషి మీద నోరు చేసుకోవడం కొత్తేమీ కాదు. సీటు బెల్టు పెట్టుకోకపోతే కారు కూస్తుంది, తలుపు సరిగ్గా వేయకపోతే ఫ్రిజ్ సణుగుతుంది. కాసేపు వినిపించుకోకపోతే వాటంతట అవే ఊరుకుంటాయి. గడువు పెట్టి, శిక్ష ఏమిటో ముందే చదివి వినిపించి, చెప్పిన మైలు దగ్గర దాన్ని అమలు చేసే యంత్రాన్ని మాత్రం నేను అమెరికాలోనే చూశాను. అది డీజిల్ పికప్ ట్రక్కు.

నా ట్రక్కు వెనక పెద్ద కథ లేదు, మేకలున్నాయి. డాలస్‌కు ఉత్తరాన ఊళ్లన్నీ దాటాక పదెకరాలు కొన్నాను. టెక్సస్‌లో భూమిని పంటకో పశువులకో వాడితే, నిబంధనలు కుదిరినవాళ్లకు ఆస్తి పన్ను తగ్గుతుంది. కరీంనగర్ జిల్లాలో సేద్యం గిట్టదని సాఫ్ట్‌వేర్ నేర్చుకొని సముద్రాలు దాటినవాణ్ని, పన్ను తగ్గుతుందని మేకలు కాసే స్థాయికి ఎదిగాను. మేకల కోసం ట్రైలరు, ట్రైలరును లాగడానికి ట్రక్కు. గోచీని ఎలకల నుంచి కాపాడుకోబోయి సంసారంలో పడ్డ సన్యాసి పని కూడా ఇంతే, కాకపోతే ఆయనకు నెలనెలా ట్రక్కు వాయిదాలు లేవు.

ఈ ట్రక్కుకు ఇంధనం పోసే చోట రెండు మూతలుంటాయి. ఒకటి డీజిల్‌ది. రెండోది నీలి మూత, డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్‌ది. ఇక్కడ ముద్దుగా డెఫ్ అంటారు. మన దగ్గర 2020 ఏప్రిల్లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక లారీ డ్రైవర్లు మోస్తున్న యాడ్‌బ్లూ డబ్బాల్లో ఉన్నదీ ఇదే. పేరు ఎంత ఘనంగా ఉన్నా లోపలున్నది 32.5 శాతం యూరియా, మిగతాదంతా శుద్ధి చేసిన నీళ్లు. పొగగొట్టంలో చిమ్మితే వేడికి అది అమ్మోనియాగా మారుతుంది. ఆ అమ్మోనియా పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను పట్టుకుని, ఉత్ప్రేరకం మీద ఉత్త నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. అమెరికాలో 2010 నాటి ఉద్గార ప్రమాణాల తర్వాత పెద్ద పికప్పుల్లోకి ఈ రెండో ట్యాంకు ఒక్కొక్కటిగా వచ్చి చేరింది.

చిక్కేమిటంటే, ఇంజనుకు దీనితో ఏ పనీ లేదు. చుక్క డెఫ్ లేకున్నా అది దివ్యంగా తిరుగుతుంది. లాభమంతా వెనక వచ్చేవాడి ఊపిరితిత్తులకే. మేముండే డాలస్-ఫోర్ట్‌వర్త్ ప్రాంతం ఓజోన్ ప్రమాణాలు అందుకోలేక ఏళ్లుగా తంటాలు పడుతోంది కాబట్టి ఆ ఊపిరితిత్తుల్లో నావీ ఉన్నాయి, నాకు అభ్యంతరం లేదు. కానీ వెనకవాడి ఊపిరి కోసం మనిషి తన జేబులోంచి డబ్బు తీసి, ఎవరూ అడక్కుండానే నీలి మూత తిప్పుతాడని నమ్మేంత అమాయకత్వం అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థకు లేదు. అందుకే పోలీసును తెచ్చి ట్రక్కులోనే కూర్చోబెట్టింది. ముందు ఒక దీపం వెలుగుతుంది. తర్వాత ఇన్ని మైళ్లే మిగిలాయన్న కబురు. వినకపోతే వేగానికి కళ్లెం. చివరికి కొన్ని ట్రక్కుల్లో గంటకు 5 మైళ్లు. కంపెనీని బట్టి అంకెలు మారతాయి గానీ మర్యాద మారదు. పెద్ద అక్షరాలు, మధ్యలో ఒక గంట చప్పుడు.

ట్రక్కు కొన్న కొత్తలో ఇదంతా బాపుకు ఫోన్లో చెప్పాను.

"బండ్ల యూరియా పోసుడేందిరా? ఏం పండిస్తది అది?"

"పండియ్యది బాపూ, పొగ సాఫ్ చేస్తది."

"గట్లయితే మనింట్ల రెండు బస్తలున్నయి. పంపాల్నా?"

కొడుకు మీద ప్రేమను కాదనడానికి రసాయన శాస్త్రం చెప్పాల్సి వచ్చింది. మన ఎరువుల దుకాణంలో దొరికే యూరియాకు 2015 నుంచి వేప నూనె పూత తప్పనిసరి. పొలంలో అది మెల్లగా కరగడానికి, ఫ్యాక్టరీలకు దారి మళ్లకుండా ఉండడానికి ఆ పూత. దాన్ని నీళ్లలో కలిపి పోస్తే ట్రక్కు పొగగొట్టం పాడవుతుంది. "అంటే పంటకు పనికొచ్చేది బండికి పనికిరాదు. గంత సున్నితమా?" అని బాపు ఆ రోజుకు వదిలేశాడు.

అసలు నాటకం 2025 ఆగస్టులో జరిగింది. పశ్చిమ టెక్సస్‌లోని శాన్ ఏంజెలో గొర్రెల, మేకల సంతకు పెట్టింది పేరు. అక్కడ మేకలు కొని, ట్రైలర్లో ఎక్కించి ఇంటిముఖం పట్టాను. బాలింజర్ దాటీ దాటగానే గంట మోగింది. డెఫ్ తక్కువగా ఉంది, 200 మైళ్ల తర్వాత గరిష్ఠ వేగం 5 మైళ్లు అని తెర మీద పడింది. ఇల్లు చూస్తే ఇంకా రెండొందల నలభై మైళ్ల పైమాటే. మిగిలిన నలభై మైళ్లు ఆ వేగంతో పోతే ఎనిమిది గంటలు. మేకల్ని దింపి తోలుకుపోయినా నాకంటే ముందే ఇల్లు చేరతాయి.

బ్రౌన్‌వుడ్‌లో ఒక పంపు దగ్గర ఆగి రెండున్నర గ్యాలన్ల డెఫ్ డబ్బా కొన్నాను. నీలి మూత తీసి వంచానో లేదో, గుక్కెడు తాగి మిగతాది నా బూట్ల మీద కక్కింది. ట్యాంకు అంచుదాకా నిండే ఉంది. మూత చుట్టూ యూరియా ఎండి తెల్లగా పేరుకుపోయి ఉంది. అంత నిండుకుండను పెట్టుకుని ట్రక్కు గొంతెండిపోతోందని గోల చేస్తోంది. కొద్దిగా నడిస్తే సెన్సరు సర్దుకుంటుందేమోనని ఆ వాకిట్లోనే గుండ్రంగా తిప్పాను. మైళ్లు తగ్గాయి గానీ సందేశం తగ్గలేదు.

డాలస్‌లో ఉన్న మిత్రుడికి ఫోన్ చేస్తే, "ఆ సిస్టమ్ మొత్తం డిలీట్ కొట్టించెయ్" అన్నాడు. అతనూ సాఫ్ట్‌వేరే. అర్థంకానిదల్లా డిలీట్ చేస్తేనే ఇన్నేళ్లు ఉద్యోగం నిలిచింది. ట్రక్కుల్లో ఆ పని చేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం, జరిమానాలు భారీగా ఉంటాయి. పైగా వీసా కాగితాల మీద బతికేవాడికి ప్రభుత్వంతో అంత పరిచయం మంచిది కాదు.

పక్క పంపు దగ్గర టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన నా ప్రదక్షిణలు చూసి జాలిపడ్డాడు. ఇలాంటి ట్రక్కే తనకూ ఉందట. "అంకె సున్నాకు వచ్చినా నడుస్తున్న బండిని అది పట్టుకోదు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తేనే పట్టుకుంటుంది. డీజిల్ నిండా కొట్టించుకుని, ఇల్లు చేరేదాకా తాళం చెవి ముట్టకు" అని ఉపదేశించాడు. ఏ మాన్యువల్లోనూ ఇంత సూటిగా రాయలేదు.

సాయంత్రం ఆరింటికి, బయల్దేరే ముందు, బాపు ఫోన్. అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర.

"గింత పొద్దుగాల లేచినవేంది బాపూ?"

"లేచుడెక్కడిది, పండుకుంటే గదా. లైన్ల చెప్పులు పెట్టి చెట్టు కింద కూసున్నం. యూరియా లారీ వస్తదట. నువ్వేడున్నవ్?"

"రోడ్డు మీద. నేను గుడ యూరియా కోసమే."

అటు నుంచి కాసేపు మాట లేదు. "గంత దూరం పోయి గుడ గదేనారా?" అన్నాడు బాపు.

ఫోర్ట్‌వర్త్ చేరేసరికి అంకె బాగా తగ్గింది. ఊరు దాటాక సున్నా. పెద్దాయన మాట నిజమైంది, ట్రక్కు ఆగలేదు. ఎడతెగని గంట చప్పుడుతో, ఆ గంటకు వంత పాడే మేకలతో ఇల్లు చేరాను. ఇంజను ఆపకుండానే మేకల్ని దింపి, ఆఖర్న తాళం తిప్పాను. అప్పుడే మళ్లీ బాపు. ఈసారి గొంతులో మంట.

"మిషిన్ల నా వేలు పడుతలేదురా. బొటనవేలు పెట్టిన, చూపుడువేలు పెట్టిన, కడిగి పెట్టిన, తుడిచి పెట్టిన. నేను నేను కాదంటది. దుకాణపాయిన చిన్నప్పటి సంది ఎరిగినోడు. 'కాకా, నువ్వేనని నాకెర్కనే, మిషిన్‌కు ఎర్కలేదు' అంటడు."

2018 నుంచి సబ్సిడీ ఎరువులన్నీ ఆధార్ చూసే మిషన్ మీదుగానే అమ్మాలి. పార పట్టి, నాటు వేసి, అరిగిపోయిన బాపు వేళ్లలో గీతలు ఎక్కడున్నాయని? పొలం పని చేయనివాడి వేలైతే ఠక్కున పడుతుంది. ఎక్కువ దున్నినవాడికే ఎరువు దొరక్కపోవడం ఆ మిషన్ ప్రత్యేకత. నిండిన ట్యాంకు నా బూట్ల మీద పొర్లినా సెన్సరు ఒప్పుకోలేదు. నిండు మనిషి ఎదురుగా నిలబడ్డా మిషన్ ఒప్పుకోలేదు. ఇద్దరికీ మధ్య ఇన్ని సముద్రాలున్నా, ఒకే రోజు ఒకే సరుకు కోసం ఒకే రకం సాక్షి చేతిలో ఓడిపోయాం. పూర్వం పట్వారీ కాదంటే కాళ్లావేళ్లా పడేవాళ్లం. సెన్సరుకు కాళ్లుండవు.

"ఆఖరుకు మీ అమ్మను పిలిపిస్తే ఆమె వేలు పడ్డది. రెండు బస్తలిచ్చిండ్రు. నువ్వు గుడ కోడలితోని వేలు పెట్టించి చూడు" అన్నాడు బాపు.

ఆ సలహా పాటించలేదు గానీ, పాటించినా నష్టం లేకపోయేది. మర్నాడు ట్రక్కు నిజంగానే 5 మైళ్ల వేగానికి దిగింది. టోయింగ్ బండి మీద రిపేరు షాపుకు ఊరేగింపుగా వెళ్లింది. మెకానిక్ మొదటి ప్రశ్న డాక్టరు ప్రశ్నే, "ఏం పోశారు, ఎప్పటిది పోశారు?" డెఫ్‌కు ఎండ పడదు. 35 డిగ్రీల వేడిలో ఆరు నెలలు నిలవడమే కష్టం, టెక్సస్ గ్యారేజీల్లో ఇంకా తక్కువ. పరీక్షించి సరుకు మంచిదే, మట్టం చెప్పే సెన్సరే పోయిందని తేల్చాడు. అయితే దాన్నొక్కదాన్ని మార్చే వీలు లేదు. సరుకు నాణ్యత చూసే సెన్సరు, చలికి గడ్డకడితే కరిగించే హీటరు అన్నీ కలిపి ఒకే ముద్ద. డెఫ్ మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. టెక్సస్ ఆగస్టులో, చొక్కా వీపుకు అతుక్కుని ఉండగా, నేను హీటరు కొన్నాను.

ఆ నెలలోనే అయోవా స్టేట్ ఫెయిర్‌లో పర్యావరణ సంస్థ అధిపతి లీ జెల్డిన్ ఓ ప్రకటన చేశారు. కంపెనీలు సాఫ్ట్‌వేర్ మార్చి డ్రైవర్లకు ఎక్కువ గడువు ఇవ్వాలని, 2027 మోడల్ నుంచి కొత్త డీజిల్ ట్రక్కులు డెఫ్ అయిపోగానే హఠాత్తుగా చతికిలబడకుండా తయారు కావాలని. సంతోషమే. శిక్షకు గడువు పెరిగింది. సెన్సరు అబద్ధమాడితే ఎవరితో చెప్పుకోవాలో మాత్రం అందులో నాకు కనిపించలేదు.

వారాంతంలో బాపుకు బిల్లు సంగతి చెప్పాను. పదిహేను వందల డాలర్ల చిల్లర. బాపు పెద్దగా చదువుకోలేదు గానీ రూపాయల్ని బస్తాల్లోకి మార్చడంలో ఆయన ముందు ఏ బ్యాంకూ చాలదు.

"లక్షా ముప్పై వేలు. బస్తా 266 రూపాయల యాభై పైసలు. అంటే దగ్గరదగ్గర ఐదొందల బస్తలు. మన వాడకట్టంతటికీ సరిపోతది. మరి నీకు యూరియా ఎంతొచ్చిందిరా?"

"యూరియా రాలే బాపూ. యూరియా ఉన్నదని చెప్పే మిషిన్ వచ్చింది."

"మా దుకాణంల గుడ ఇయ్యాల గంతే కొడుకా. మిషిన్ మంచిగనే ఉన్నది, యూరియానే లేదు."