ఆనర్స్ పట్టా సాధించు విధానం

ముందు కూడికలు బాగా వచ్చి ఉండాలి. నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీకి యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన పద్ధతి ప్రకారం 160 క్రెడిట్లు కావాలి. మేజర్‌కి 80, మైనర్‌కి 32, ఇతర శాస్త్రాల రుచి చూడ్డానికి 9, భాషలకి 8, నైపుణ్యాలకి 9, యోగా పర్యావరణం వగైరాలకి 6 నుంచి 8, ఇంటర్న్‌షిప్‌కి 2 నుంచి 4, చివర్లో పరిశోధనకి 12. యోగా వగైరాల దగ్గర 6 తీసుకుంటే ఇంటర్న్‌షిప్‌కి 4, అక్కడ 8 అయితే ఇక్కడ 2. కూడి చూడండి, సరిగ్గా 160 వస్తుంది. ఇంత పొందికైన లెక్కని చెడగొట్టగలిగింది కాలేజీ ఒక్కటే.

క్లాసులో చెప్పే పాఠానికైతే ఒక్కో క్రెడిట్‌కి 15 గంటలు. ల్యాబుకైతే 30. ఆ గంటలు టైంటేబుల్లో కనిపిస్తే చాలు. గెస్ట్ లెక్చరర్‌కి జీతం బకాయి పడి ఆయన రావడం మానేశాడనుకోండి, మీ గంటకేమీ నష్టం లేదు. చెట్టు కింద కూర్చున్నా అది నడుస్తూనే ఉంటుంది.

మేజర్ ఎంపిక దగ్గర ఎక్కువ ఆలోచించకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. అంతకుముందు ఎంపీసీ అనో బీజెడ్‌సీ అనో మూడు సబ్జెక్టులు సమానంగా చదివి మూడూ సమానంగా మరిచిపోయేవాళ్ళు. సింగిల్ మేజర్‌లో ఒక్కదాన్నే లోతుగా చదవాలి, పక్కన ఒక మైనర్ పెట్టుకోవాలి. మైనర్ల జాబితా చాంతాడంత ఉంటుంది. వాటిని చెప్పగలిగిన లెక్చరర్లు మీ కాలేజీలో ఎందరున్నారో స్టాఫ్ రూంలో కుర్చీలు చూస్తే తెలుస్తుంది. జాబితాకీ కుర్చీలకీ పొత్తు కుదిరే సబ్జెక్టు సాధారణంగా ఒక్కటే దొరుకుతుంది. అదే మీకు చిన్నప్పటి నుంచీ ఇష్టమైన సబ్జెక్టు. ఫారం మీద సంతకం చేసేయండి.

ఇతర శాస్త్రాల కోటాలో ఇంటర్లో చదివినదాన్నే మళ్ళీ తీసుకోకూడదని నియమం. ‘మా కాలేజీలో ఎంసెట్ బిట్లు తప్ప కెమిస్ట్రీ చెప్పలేదు సార్, ల్యాబు తాళం ఎలా ఉంటుందో కూడా తెలీదు’ అని వాదనకి దిగకండి. మెమో ప్రకారం మీకు ప్రాక్టికల్స్‌లో 30కి 30 వచ్చాయి. నెగ్గలేరు.

ఆంధ్రలో మొదటి ఏడాది అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది. ఊరు ఎంచుకుని, ఇంటింటికీ తిరిగి, సర్వే చేసి, లాగ్‌బుక్ నింపాలి. నిజానికి ఈ చదువంతటిలో నాకు నచ్చిన భాగం ఇదే. పల్లె సంగతులు పల్లెకి వెళ్ళి తెలుసుకోమనడంలో తప్పేముంది? మీరు మాత్రం సొంత ఊరే ఎంచుకోండి. చార్జీలు మిగులుతాయి, భోజనం దొరుకుతుంది, జవాబులు సూటిగా వస్తాయి.

“అత్తా, మీ ఇంట్లో మరుగుదొడ్డి ఉందా?”

“పొద్దున వెళ్ళొచ్చింది ఎక్కడికిరా?”

‘ఉంది’ అన్న గడిలో టిక్కు పెట్టుకుని పక్కింటికి నడవండి.

సంపాదించిన క్రెడిట్లన్నీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో దాచుకోవాలి. దానికి 12 అంకెల అపార్ నంబరు కావాలి. ఆధార్‌లో ఇంటిపేరు ముందూ, టెన్త్ మెమోలో వెనకా ఉన్నవాళ్ళు ఈ పని ఫస్టియర్లోనే మొదలుపెట్టడం మంచిది. క్రెడిట్లకి వడ్డీ రాదు. పైగా ఏడేళ్ళు దాటితే అవి చెల్లవు.

మధ్యలో ఆగిపోదలిస్తే అందుకూ మర్యాదైన దారి ఉంది. మొదటి ఏడాది తర్వాత 40 క్రెడిట్లతో, పైన 4 క్రెడిట్ల వృత్తి కోర్సుతో సర్టిఫికెట్ ఇస్తారు. రెండో ఏడాది తర్వాతైతే డిప్లొమా. మూడేళ్ళలోపు తిరిగొచ్చి మళ్ళీ అందుకోవచ్చు. నాన్నకి ఒంట్లో బాగాలేక చదువు ఆపేసి సూపర్ మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్ మీద కూర్చున్న కుర్రాడికి తన జేబులో ఇంత వెసులుబాటు ఉందని ఎవరైనా చెబితే బాగుండును. చెప్పాల్సిన కౌన్సెలర్ పోస్టు కూడా ఖాళీయే కాబోలు.

కోర్సు మీకంటే ముందే వెళ్ళిపోకుండా చూసుకోవడం కూడా మీ బాధ్యతే. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2013లో నాలుగేళ్ళ డిగ్రీ తెచ్చి, 2014లో వెనక్కి తీసుకుంది. ఆ బ్యాచిలో చాలామంది నాలుగేళ్ళకని చేరి మూడేళ్ళకే బయటికొచ్చారు. అయినా మన వాళ్ళకి ఆనర్స్ కొత్తేం కాదు. ఒకప్పుడు వాల్తేరులో బి.ఏ. ఆనర్స్ చదివొచ్చిన తాతగారు పేరు పక్కన ఆ మాట తగిలించుకుని జీవితాంతం ఇంగ్లీషు పేపరు చదివేవారు. ఆయన్ని ఎవరూ క్రెడిట్లు అడగలేదు.

ఇక అసలు మెట్టు, నాలుగో ఏడాది. పరిశోధనతో కూడిన ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం రావాలి. మీకు వచ్చినంత మాత్రాన చాలదు, కాలేజీ కూడా పాసవ్వాలి. ఆ విభాగంలో పీహెచ్‌డీ గైడ్‌షిప్ ఉన్న పర్మనెంట్ అధ్యాపకులు కనీసం ఇద్దరుండాలన్నది యూజీసీ మాట. ఉన్న ఒక్కరూ వచ్చే జూన్‌లో రిటైరవుతున్నారా? మార్కులు పట్టుకుని గుమ్మంలో నిలబడండి. నిబంధనలో తప్పు పట్టడానికేమీ లేదు. అది రాసినవాళ్ళ ఊహలో మంచి లైబ్రరీ ఉంది, తెరిచిన ల్యాబు ఉంది, ఇద్దరు గైడ్లు ఉన్నారు. మీ కాలేజీ ఒక్కటే ఆ ఊహలోకి రాలేదు.

పరిశోధన లేని మామూలు ఆనర్స్ అయితే ఆ 12 క్రెడిట్లకి మరో మూడు కోర్సులు చదివితే సరిపోతుంది. ఎలా చూసినా లాభం లేకపోలేదు. నాలుగేళ్ళు చదివితే పీజీ ఏడాదిలో అయిపోతుంది. 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీకి కూడా అర్హులే. ఈ సంగతులు కాగితం మీద రాసుకుని జేబులో ఉంచుకోండి. పెళ్ళిళ్ళలో పెదనాన్నలు అడుగుతారు: “ఏరా, ఇంకా డిగ్రీయేనా? మావాడు మూడేళ్ళలో కానిచ్చేసి గ్రూప్-2కి కట్టాడు.” గ్రూప్-2కి మామూలు డిగ్రీ చాలు కాబట్టి, ఆ కాగితం జేబులోంచి తియ్యకపోవడమే మేలు.

చివరిగా, మనుషుల్ని కూడగట్టండి. ఒక్కరి కోసం ఏ కాలేజీ నాలుగో ఏడాది నడపదు. ఆరో సెమిస్టర్ ఆఖరి పరీక్ష అయిన సాయంత్రమే ఫోన్లు మొదలుపెట్టండి.

“రేయ్, ఆనర్స్‌కి ఉంటావా?”

“నంద్యాల్లో బ్యాంక్ కోచింగ్‌కి అడ్వాన్సు కట్టేశాన్రా. రూంలో ఇంకో మంచం ఖాళీగా ఉంది, వస్తావా?”