ఈ పుస్తకం చదివి తీరాలండీ!

చరిత్ర పుస్తకమో ఆత్మకథో ఎవరికైనా చదవమని చెప్పాలంటే ముందు మనం చదివి ఉండాలని ఒక అపోహ. దాన్ని వదిలించుకోండి. చదివినవాడికి సందేహాలుంటాయి, నడుమ నాలుగు పేజీల దగ్గర కునుకూ పట్టి ఉంటుంది. అదంతా మాటలో తెలిసిపోతుంది. చదవనివాడి గొంతు మాత్రం ఖంగుమంటుంది.

పుస్తక ప్రదర్శనకు వెళ్లి సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కొనండి. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో దీనికే వచ్చింది. ఈ ముక్క కంఠతా పట్టాక ఇక పుస్తకంతో పనిలేదు. లోపల జనం ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఏ ఆటలాడారో కావ్యాల్లోంచి ఏరి పెట్టారాయన. పొరపాటున తెరిచారంటే పొద్దు గడిచిపోతుంది.

ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' గురించి 'అమూల్య గ్రంథం' అనండి, చాలు. మద్రాసు సుప్రీంకోర్టు ఉద్యోగి ఆయన. 1830 మేలో బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఏ మజిలీలో మంచినీళ్లున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఏ దారి ఎలా ఉంది, అన్నీ రాసుకుంటూ పోయారు. మనుషులకు నోరూరేది అక్కడే కాబట్టి ఆ సంగతి బయటపెట్టకండి. పెడితే అవతలివాడు నిజంగానే చదివేసి, మర్నాడు మనకే పాఠం చెబుతాడు.

మేనల్లుడు వచ్చి, "మావయ్యా, ఏదైనా మంచి పుస్తకం చెప్పు" అన్నాడనుకోండి. వాడికేం ఇష్టమో అడగొద్దు. తొమ్మిది పేర్లు ఏకబిగిన చెప్పండి. వాడికి నాటకాల పిచ్చి ఉండొచ్చు. టంగుటూరి ప్రకాశం 'నా జీవిత యాత్ర' ఇచ్చి, ఆయన కుర్రతనంలో ఒంగోలులో వేషాలు కట్టారనీ, తల్లి పూటకూళ్లిల్లు నడిపి పెంచిందనీ చెబితే వాడు ఆ రాత్రే మొదలుపెడతాడు. అలా జరగనివ్వకూడదు. 1928లో సైమన్ కమిషన్ అప్పుడు తుపాకులకు గుండె చూపిన ఘట్టమే మళ్లీ చెప్పండి. అది వాడు బడిలోనే విన్నాడు కాబట్టి పుస్తకం జోలికి రాడు.

ఆడవాళ్ల ఆత్మకథలకు ఇంకో పద్ధతి ఉంది. భర్త పేరుతో మొదలుపెట్టాలి. కొండపల్లి కోటేశ్వరమ్మకు తొంభై దాటాక, 2012లో, 'నిర్జన వారధి' వచ్చింది. "నక్సలైటు నాయకుడు కొండపల్లి సీతారామయ్య గారి భార్య రాసింది" అనండి. "ఆహా, ఆయన గురించి ఏం రాసిందో!" అని వినేవాళ్లు ముందుకు జరుగుతారు. బాల్యంలోనే వితంతువై, మళ్లీ పెళ్లాడి, కమ్యూనిస్టు పార్టీ కోసం అజ్ఞాతంలో తిరిగి, ఆయన వదిలిపోయాక చదువుకునే వయసు దాటిన తర్వాత ఆంధ్ర మహిళా సభలో చేరి పరీక్ష పాసై, కాకినాడలో ఆడపిల్లల హాస్టల్ మేట్రన్‌గా తన జీతం తాను తెచ్చుకున్న మనిషి ఆవిడ. ఇదంతా చెబితే సీతారామయ్య గారి సంగతి అడగడం మరిచిపోతారు. సభ చెడిపోతుంది. ఈ లెక్కన తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలు తమ నోటితో చెప్పుకున్న 'మనకు తెలియని మన చరిత్ర' పెద్ద చిక్కు. అంతమంది భర్తల పేర్లు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? దాని పేరే ఎత్తకండి.

పుస్తకం అరువిచ్చేటప్పుడు లోపల మీ పేరు రాసి, తేదీ వేసి, అక్కడక్కడా పెన్సిలుతో గీతలు పెట్టండి. ఏ వాక్యం కింద గీశారన్నది ముఖ్యం కాదు. పేజీ కాస్త పాతబడినట్టుంటే సరి.

ఇంత జాగ్రత్త పడ్డా ఎవరో ఒకరు చదివేస్తారు. ఆదివారం పొద్దున్నే తలుపు తట్టి, "అన్నయ్యా, ఆ హాస్టల్ రోజుల గురించి మాట్లాడాలి" అంటారు. కంగారు పడకండి. కాఫీ పెట్టించి, అల్మారాలోంచి దాశరథి రంగాచార్య 'జీవనయానం' తీసి చేతిలో పెట్టండి. అది లావు పుస్తకం. సంక్రాంతి దాకా ఈ వైపు రారు.