హెచ్ పదకొండు ఎకరాకెన్ని బస్తాలు?

సంక్రాంతికి గడివేముల వెళ్లాను. శనగ చేను గట్టు మీద నిలబడి పెద్దనాయన నిలదీశాడు.

"ఏం అబ్బీ, ఇరవై ఏండ్ల నుంచి మొక్కల మీదనే పని చేస్తున్నావంట. ఏం సాధించినావు?"

"హెచ్ పదకొండు, పెద్దనాయనా."

ఆయన మొహం విప్పారింది. "జేజీ పదకొండు తెలుసు గానీ ఇదేదో కొత్త రకం మాదిరుందే. ఎకరాకెన్ని బస్తాలు?"

నాకు నోట మాట రాలేదు. జేజీ-11 అంటే ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి 1999లో ఇచ్చిన శనగ. మా రేగళ్ల తలరాత మార్చిన విత్తనం. హెచ్ అంటే 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త కనిపెట్టిన కొలబద్ద. కనీసం పదకొండేసి సార్లు ఎవరో ఒకరు ఉదహరించిన పేపర్లు నాకు పదకొండు ఉన్నాయని దానర్థం. మొక్కల మాలిక్యులర్ బయాలజీలో నా బతుకంతా ఈ ఒక్క అంకెలో ఉంది. దాన్ని చేను గట్టు మీద ఎట్లా విప్పి చెప్పేది? చివరికి చదివింపులు గుర్తొచ్చాయి.

"పెండ్లికి పోయి నూట పదహార్లు చదివిస్తే పుస్తకంలో రాసుకుంటారు కదా. అట్లనే నేను పేపరు రాస్తే, ఇంకొకాయన తన పేపర్లో నా పేరు రాస్తాడు. దాన్నే సైటేషన్ అంటారు."

"అయితే ఆయనింట్లో పెండ్లికి నువ్వు తిరిగి చదివించాల."

"రూలేం లేదు. చదివిస్తాం."

"మన పెండ్లికి మనమే చదివించుకుంటే?"

"సెల్ఫ్ సైటేషన్. పరిమితంగా పర్వాలేదు."

"వచ్చినోడు కూర బాగలేదని తిట్టిపోతే?"

"అదీ జమే. నా పేపరు శుద్ధ తప్పని రాసినా నాకు ఒకటి కలుస్తుంది."

పెద్దనాయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "మంచి యాపారమే పట్టినావు."

వ్యాపారమేనని ఒప్పుకోక తప్పదు. డబ్బు కడితే పందిరి, మేళం, అక్షింతలు అన్నీ వాళ్లే చూసుకునే జర్నళ్లున్నాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఓమిక్స్ సంస్థ, పేపర్లను నిపుణులతో పరిశీలింపజేస్తున్నామని చెప్పి పరిశోధకులను మోసం చేసిందంటూ 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

అసలు సిసలు పెళ్లిళ్లూ ఉన్నాయి. పటాన్‌చెరు ఇక్రిశాట్ ముందుండి నడిపించగా శనగ జన్యుపటం 2013లో నేచర్ బయోటెక్నాలజీలో అచ్చయింది. 28,269 జన్యువులు, వెయ్యి దాటిన చదివింపులు. గొప్ప పని. కాకపోతే ఫొటోకు నిలబడిన పెళ్లికూతురు మాత్రం సీడీసీ ఫ్రాంటియర్ అనే కెనడా పిల్ల.

జన్యువుల వాళ్లు చేను దాకా రాలేరని కాదు. సీసీఎంబీ, హైదరాబాద్ వరి పరిశోధకులు కలిసి సాంబ మసూరిలో మూడు జన్యువులు చేర్చి, ఆకు ఎండు తెగులును తట్టుకునే రకాన్ని 2008లో రైతుకిచ్చారు. కానీ నా ప్రమోషన్ ఫారంలో ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కు గడి ఉంది, హెచ్‌కు గడి ఉంది. గడివేములకు మాత్రం గడి లేదు.

పెద్దనాయన ఒక శనగ రెమ్మ తుంచి నా చేతికిచ్చాడు. "నాకి చూడు."

పుల్లగా నాలుక జివ్వుమంది. శనగాకు మీద ఊరే ఆమ్లమది. పక్కనున్న కూలీ ఆమె అరచేయి చాపింది. ఏటా శనగ పీకిన చేయి, గీతలేవో పగుళ్లేవో తెలియలేదు.

"ధీర వేసిన చేలో మాకు పీకే పనుండదు సార్, మిషన్ కోస్తాది. కూలీ పోయినా చేతులు మండవు," అంది.

ధీర అంటే ఎన్‌బీఈజీ-47. ఎన్ అంటే నంద్యాల. అక్కడి పరిశోధన స్థానంలో పుట్టిన రకం. మొక్క నిటారుగా ఎదిగి కాయ పైన కాస్తుంది కాబట్టి యంత్రానికి అందుతుంది. దాన్ని పుట్టించిన వాళ్ల హెచ్ ఎంతని ఆమె అడగలేదు.

మధ్యాహ్నం పెద్దమ్మ నెయ్యి వేసి భక్ష్యాలు వడ్డించింది. పూర్ణం మా చేలో పప్పుదే. ఆ విత్తనం ఎవరి పుణ్యమో ఒక్క మాటైనా అనకుండా, ఎవరినీ ఉదహరించకుండా, మూడు లాగించాను.