బీరువాలో శనిగ్రహం

సర్కారు బడిలోకి టెలిస్కోపు ఎలా వచ్చిందో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. ఏదో పథకం కింద వచ్చి ఉంటుంది, లేదా అమెరికాలో స్థిరపడ్డ పూర్వ విద్యార్థి ఎవరో పంపి ఉంటారు. వచ్చాక దాని బతుకు మాత్రం అందరికీ తెలిసిందే. ముందు స్టాక్ రిజిస్టర్‌లో నంబరు, ఆపైన ఇనుప బీరువా, ఆపైన తాళం. చెవి సైన్సు మాస్టారి దగ్గరుంటే హెడ్మాస్టారికి నిద్ర పట్టదు. హెడ్మాస్టారి దగ్గరుంటే సైన్సు మాస్టారికి అడగడానికి మొహమాటం. మొత్తానికి శనిగ్రహం వలయాలతో సహా బీరువాలో క్షేమంగా ఉంటుంది.

ఏడాదికోసారి దానికి పెరోల్ దొరుకుతుంది. ఫిబ్రవరి 28, జాతీయ సైన్సు దినోత్సవం. 1928లో రామన్ తన ఆవిష్కరణ చేసిన రోజు. ఉదయం పదకొండు గంటలకు, మిట్ట ఎండలో, షామియానా పక్కన గొట్టం నిలబెడతారు. దండ, శాలువా అయ్యాక ముఖ్య అతిథి ఒక కన్ను మూసి రెండో కన్ను గొట్టానికి ఆనిస్తారు. ముందున్న మూత తీశారా లేదా అని అడిగే ధైర్యం అక్కడెవరికీ ఉండదు. "అద్భుతం" అంటారాయన. ఫొటో పడుతుంది. మధ్యాహ్నానికి గొట్టం మళ్లీ లోపలికి.

ఇదేమిటని శ్రీకాకుళం జిల్లాలో ఏ బడి అటెండరునడిగినా జవాబు సిద్ధం: "గుంటల సేతికిత్తే ఉంటాదేటి బాబూ? ఒక్కరోజులో ఇరగ్గొట్టెత్తారు!" పాపం, అతన్ననడానికి లేదు. విరిగితే రికవరీ ఎవరి జీతంలోంచి పడుతుందో అతనికి తెలుసు. వాడి పాడైన వస్తువుకు సంజాయిషీ రాయాలి. వాడకుండా బూజు పట్టిన వస్తువు మాత్రం ఆడిట్‌లో 'మంచి స్థితిలో ఉంది'. ఇలాంటి లెక్కలో తెలివైనవాడెవడైనా తాళమే వేస్తాడు.

పెద్దల దగ్గర ఇంకో బ్రహ్మాస్త్రం కూడా ఉంది. బడి పగలు, నక్షత్రాలు రాత్రి, మరి కుదిరేదెలా? వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల కింద గిరిజన ఆశ్రమ పాఠశాలలున్నాయి, చుట్టుపక్కల జిల్లాల్లో గురుకులాలున్నాయి, కస్తూర్బా బాలికా విద్యాలయాలున్నాయి. ఆ పిల్లలు రాత్రిళ్లు కూడా అక్కడే ఉంటారు. ఆడపిల్లలు చీకట్లో ఇంటికెలా వెళ్తారన్న బెంగ కూడా అక్కర్లేదు, ఎందుకంటే వాళ్లు ఎక్కడికీ వెళ్లరు. పైగా ఏజెన్సీ కొండల మీద ఉండే చీకటి కోసం నగరాల ఔత్సాహికులు కార్లేసుకుని వందల కిలోమీటర్లు తిరుగుతారు. ఆ చీకటి కిందే మన పిల్లలు స్టడీ అవర్‌లో ట్యూబులైటు వెలుతురులో 'నక్షత్రాలు, సౌరకుటుంబం' పాఠం బట్టీ పడుతుంటారు. వరండా దిగి నాలుగడుగులు వేస్తే పాఠం నెత్తిమీదే ఉంటుంది. కానీ స్టడీ అవర్‌లో బయటికెళ్లడం క్రమశిక్షణకు విరుద్ధం.

2023 ఆగస్టు 23 సాయంత్రం సంగతి చూడండి. 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 దిగింది. దేశమంతా బడుల్లో టీవీలు, ప్రొజెక్టర్లు, చప్పట్లు. మంచిదే, గర్వపడాల్సిన రోజే. అయితే మర్నాడు శుక్లపక్షపు అర్ధచంద్రుడు. అంటే విక్రమ్ ల్యాండర్ దిగే వేళకు అసలు చంద్రుడు దక్షిణాకాశంలో, దాదాపు సగం వెలిగి, చాలా ఎత్తులోనే ఉన్నాడు. మబ్బు లేనిచోట ఎవరికైనా కనిపించేవాడు. చంద్రుడి మీద గుంటలు చూడటానికి ఇంతకంటే మంచి దశ లేదు. వెలుగునీడల సరిహద్దులో ఒక్కో గుంట అంచు నీడతో సహా తేలి కనిపిస్తుంది. పిల్లలను తెర ముందు నుంచి లేపి, "ఇదిగో, అక్కడే దిగింది" అని వేలు పెట్టి చూపించిన బడులు ఎన్ని? బీరువాలో టెలిస్కోపు ఉండి, ఆ పూట కూడా తాళం తియ్యని బడులు ఎన్ని?

2025 సెప్టెంబర్ 7 రాత్రి మరీ సులువైన పరీక్ష. సంపూర్ణ చంద్రగ్రహణం, ఆదివారం, పదకొండు గంటల నుంచి పన్నెండుంపావు దాటేదాకా రాగిరంగు చంద్రుడు. కళ్లకు ప్రమాదం లేదు, పరికరం అక్కర్లేదు, టికెట్టూ లేదు. ఆ రోజు గుళ్ల తలుపులు మూసినంత శ్రద్ధగా ఇళ్ల కిటికీలూ మూసుకున్నాయి. టీవీ స్టూడియోల్లో ఏ రాశివారు ఏం చూడకూడదో పంచాంగకర్తలు విడమరిచి చెప్పారు. గ్రహణం వచ్చిన ప్రతిసారీ జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు వీధిలో నిలబడి, టిఫిన్ తిని చూపించి మరీ జనాన్ని బయటికి పిలుస్తుంటారు. ఆకాశం చూపించడానికి ముందు ఇడ్లీ తిని చూపించాల్సి రావడం వాళ్ల ఖర్మ.

ఉత్తరాంధ్రకు ఇదంతా కొత్త విద్య కాదు. 1840ల తొలినాళ్లలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు విశాఖ డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల కట్టుకున్నాడు. మద్రాసు వేధశాల అధిపతి టేలర్ దగ్గర ఆ విద్య నేర్చుకొచ్చిన మనిషి. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని అందుకున్నాడు. ఆరంగుళాల టెలిస్కోపు తెప్పించాడు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటుతుంటే గడియారం పెట్టి కొలిచి, ఆ వివరాలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపాడు. ఆ సొసైటీ ఆయనకు ఫెలోషిప్ ఇచ్చింది. కరెంటు లేని విశాఖపట్నంలో ఇదంతా జరిగింది. 1892లో ఆయన పోయాక వేధశాల ప్రభుత్వం చేతికి వెళ్లింది. ప్రభుత్వం చేతికి వెళ్లాక ఏమైందని అడగడం మర్యాద కాదు. ఇప్పుడు డాబాగార్డెన్స్‌లో వెతికితే ట్రాఫిక్ జామ్ దొరుకుతుంది.

అయితే ఇక్కడో నిజం ఒప్పుకోవాలి. అది జమీందారు సరదా. రైతు కొడుకు ఆ గొట్టంలో కన్నుపెట్టే ప్రసక్తే లేదు. అప్పట్లో ఆకాశం చూడాలంటే జమీందారీ ఉండాలి. ఇప్పుడు ఏం కావాలి?

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల కళ్లద్దాల షాపుకెళ్లి 'ప్లస్ ఒకటి' పవరు గాజు కొయ్యకుండా గుండ్రంగా ఇమ్మనండి. దాని నాభ్యంతరం సరిగ్గా మీటరు. వాచీ రిపేరు చేసేవాళ్లు కంటికి తగిలించుకునే భూతద్దం ఒకటి, నాభ్యంతరం అయిదు సెంటీమీటర్లది. బోరు మోటారు సామాన్ల కొట్లో ఒకదానిలో ఒకటి దూరే పీవీసీ పైపు ముక్కలు రెండు. పెద్ద గాజు ముందు నల్ల అట్టముక్కకు మూడు సెంటీమీటర్ల కన్నం చేసి అంటిస్తే రంగుల అంచులు చాలావరకు తగ్గుతాయి. వందను అయిదుతో భాగిస్తే ఇరవై రెట్లు. బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది, చంద్రుడికి దాంతో పేచీ లేదు. 1610 జనవరిలో గెలీలియో గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామలను కనిపెట్టిన గొట్టం శక్తి కూడా ఇంచుమించు ఇంతే. ఎనిమిదో తరగతి పిల్లలు ఒక ఆదివారంలో చేసెయ్యగలరు. విరిగితే? మళ్లీ చేసుకుంటారు. దీన్ని సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకూడదు. ఆ ఒక్క హెచ్చరికా పిల్లలకు పదిసార్లు చెప్పాలి.

కానీ అలా చేస్తే పర్చేజ్ ఆర్డరు ఉండదు, బిల్లు ఉండదు, రిబ్బను కత్తిరించడానికీ ఏమీ ఉండదు. అందుకని ఆన్‌లైన్‌లో '675 రెట్లు' అని పెట్టె మీద అచ్చేసిన ప్లాస్టిక్ టెలిస్కోపు కొంటారు. యాభై మిల్లీమీటర్ల గాజుతో పనికొచ్చే పెంపు మహా అయితే వంద రెట్లు, అంటే మిల్లీమీటర్లకు రెట్టింపు. ఆ పైన పెరిగేది మసకే. దానికి తోడు ముట్టుకుంటే వణికే మూడు కాళ్ల స్టాండు. ఆ వణుకులో శనిని పట్టుకోలేక పిల్లలు విసుగెత్తిపోతే, "చూశారా, మన పిల్లలకు ఆసక్తి లేదు" అని తేల్చేస్తారు.

స్టాండు వణక్కుండా ఉండే ఉపాయం చెప్పినవాడు ఓ సన్యాసి. జాన్ డాబ్సన్ కాలిఫోర్నియాలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో ఉండేవాడు. పాత ఓడల కిటికీ గాజులు తెచ్చి, దొంగచాటుగా అరగదీసి అద్దాలు చేసేవాడు. రాత్రిళ్లు ఆ టెలిస్కోపులు వీధిలోకి తోసుకెళ్లి, దారినపోయే పిల్లలను పిలిచి చంద్రుణ్ని చూపించేవాడు. 1967లో మఠం ఆయన్ను సాగనంపింది. గొట్టానికి అట్ట, పెట్టెకు ప్లైవుడ్, తిరగడానికి చెక్క మీద చెక్క: ఆయన పద్ధతి అంతే. ఇవాళ ప్రపంచమంతటా ఔత్సాహికులు దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. అద్దం అరగదీయడం పుణేలోని ఐయూకా ఖగోళ కేంద్రం శిబిరాల్లో మన దేశపు టీచర్లు, పిల్లలు కూడా నేర్చుకున్నారు. శ్రీకాకుళం జిల్లాలో చెక్కకు కరువుందని ఎవరూ అనలేరు.

గొట్టమే అక్కర్లేని పాఠం కూడా ఈ జిల్లాకు దక్కింది. అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాలను ఏటా రెండుసార్లు, మార్చి రెండో వారం దగ్గర, అక్టోబర్ మొదట్లో, ఉదయపు కిరణాలు తాకుతాయి. భక్తులను అనడానికేం లేదు. వాళ్లు కనీసం తెల్లారేసరికి లేచి సూర్యుడి కోసం వచ్చి నిలబడ్డారు. మరి సైన్సు మాస్టార్లు? ఒక తేదీ విషువత్తుకు పది పదకొండు రోజుల ముందు, రెండోది విషువత్తు దాటిన పది రోజులకు. రెండుసార్లూ సూర్యుడు భూమధ్యరేఖకు దాదాపు నాలుగు డిగ్రీలు దక్షిణాన ఒకే చోట ఉంటాడు. విషువత్తుల దగ్గర సూర్యోదయ స్థానం రోజుకు ముప్పావు సూర్యబింబం మేర జరుగుతుంది కాబట్టే ఆ వేడుక రెండు మూడు రోజులకు మించి ఉండదు. బడి ప్రహరీ దగ్గర నిలబడి, ఏ తాటిచెట్టు పక్కన పొద్దు పొడిచిందో నోటుబుక్కులో గీసుకుంటే ఆరో తరగతి పిల్లకు కూడా ఇది పట్టుబడుతుంది. ఏటా పేపర్లో 'ఆదిత్యుని తాకిన కిరణాలు' అని ఫొటో వస్తుంది, మబ్బు పడితే 'భక్తులకు నిరాశ' అని వస్తుంది. లెక్క మాత్రం రాదు.

ఇంతా చెప్పాక ఉత్సాహం గల కుర్ర మాస్టారొకరు నిజంగానే రాత్రి ఆకాశ దర్శనం పెడదామనుకున్నారనుకోండి. రాత్రిపూట కార్యక్రమం కాబట్టి హెడ్మాస్టారి అనుమతి కావాలి. ఆయన ఎంఈవోకు రాస్తారు, ఎంఈవో డీఈవోకు పంపుతారు. అక్కడ 'ఏ గ్రహం, ఎంతసేపు, బాధ్యులెవరు' అని కొర్రీ పడుతుంది. దానికి జవాబు వెళ్లి, సంతకమై తిరిగొచ్చేసరికి గురుడు సూర్యుడి చాటుకు వెళ్లిపోయి ఉంటాడు. ఒకసారి రాత్రంతా నిండుగా కనిపించాక మళ్లీ అలా కనిపించడానికి 399 రోజులు పడుతుంది. శని అయితే 378 రోజులు. ఆలస్యం మరీ ఎక్కువై 2025 మార్చి లాంటి సమయం తగిలితే వలయాలు పక్కకు తిరిగి అసలు కనిపించనే కనిపించవు. ఈలోగా బదిలీల కౌన్సెలింగ్ వస్తుంది, కుర్ర మాస్టారికి వేరే మండలం పడుతుంది. అనుమతి పత్రం కొత్త మాస్టారి బల్ల మీదికి చేరుతుంది. ఆయన సబ్జెక్టు సోషల్ స్టడీస్.