తేనె పూసిన కాలేయం

మిరపకు మందు కొట్టీ కొట్టీ లివరు ఏమైపోతుందోనని బెంగపడే పల్నాటి రైతుకు ఫోనులో ఒక తెల్లకోటాయన అభయహస్తం చూపిస్తున్నాడు. పరగడుపున రెండు చెంచాల తేనె, ఒక ప్రొపోలిస్ మాత్ర, చిటికెడు పుప్పొడి. అంతే, ఒంట్లో విషమంతా ఊడ్చుకుపోతుందట, కిడ్నీలు అద్దాల్లా మెరుస్తాయట. మెరిసే కిడ్నీని ఎవరు, ఏ దారిన చూశారో ఆయన చెప్పడు.

ఇదంతా గాల్లోంచి పుట్టిందనలేం. ఎలుకలకు కార్బన్ టెట్రాక్లోరైడో, మోతాదు మించిన పారాసెటమాలో ఇచ్చి, తేనెటీగలు చెట్ల జిగురుతో చేసే ప్రొపోలిస్‌ను పట్టిస్తే కాలేయానికి దెబ్బ కొంత తగ్గిందని ఈజిప్టు, టర్కీ దేశాల నుంచి బోలెడు పరిశోధనలొచ్చాయి. అందులో సరుకుంది. కాకపోతే ఆ ఎలుక జాతకం వేరు. చాలాసార్లు విషానికి ముందునుంచే, తూకం వేసి, గొంతులోకి గొట్టం దించి మరీ దానికి ప్రొపోలిస్ పోస్తారు. విషం ఏ రోజు, ఎంత ఇవ్వాలో ముందే రాసిపెట్టుకుంటారు. ఆఖరున దాన్ని చంపి, కాలేయం కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి ‘ఫరవాలేదు’ అని తేలుస్తారు. ఈ చివరి ఘట్టానికి మన రైతులెవరూ ఒప్పుకోరు గనక తెల్లకోటాయన అదొక్కటీ వదిలేసి నేరుగా ‘ఫరవాలేదు’ మీదికి దూకేశాడు.

రైతు విషం ముహూర్తం చూసుకుని తీసుకోడు. 2021లో మిరప పూతలో నల్ల తామర పురుగు దిగినప్పుడు ఒక మందుకు లొంగకపోతే రెండోది, దానికీ లొంగకపోతే కొట్టువాడు కలిపిచ్చిన మూడోది. ముక్కుకు తువ్వాలు చుట్టి, గాలికి ఎదురు నడుస్తూ కొట్టే మనిషికి వీపు మీది పంపు కారుతూనే ఉంటుంది. తడిసిన చొక్కా ఒంటిమీదే ఆరుతుంది. మోనోక్రోటోఫాస్ లాంటివి చర్మంలోంచే లోపలికి దిగి ముందు నరాలను పట్టుకుంటాయి. చూపు మసకబారుతుంది, నోట్లోంచి చొంగ కారుతుంది, చెమటలు, వాంతులు, ఊపిరాడదు. అప్పుడు కావలసింది ఆసుపత్రి, అట్రోపిన్ ఇంజెక్షను, ఏ మందు కొట్టాడో డాక్టరుకు తెలిసేలా ఆ మందు డబ్బా. పారాక్వాట్ అనే కలుపు మందుకైతే అసలు విరుగుడే లేదు. ఆ స్థితిలో తేనె చెంచా పట్టుకురావడం ఇల్లు తగలబడుతుంటే గుమ్మానికి మామిడాకులు కట్టడమే.

పాపం, ఈ కథలో తేనెటీగను ఎవరూ అడగలేదు. తామర పురుగు కాపురం పువ్వులోనే కాబట్టి మందు పడేదీ పువ్వు మీదే, ఈగ వాలేదీ అక్కడే. ఇమిడాక్లోప్రిడ్ సహా మూడు మందులు తేనెటీగల్ని దెబ్బతీస్తున్నాయని ఐరోపా సమాఖ్య 2018లో వాటిని ఆరుబయట పొలాల్లో వాడకుండా ఆపేసింది. మన దగ్గర ఇమిడాక్లోప్రిడ్ అడిగితే చాలు, కొట్టువాడు చేతిలో పెడతాడు. పురుగుమందుకు మనకంటే ముందు చచ్చే ప్రాణి మన కాలేయానికి కాపలా కాయాలట! విషం కడిగే విద్యే దానికి తెలిస్తే ముందు తన ఒళ్లు కడుక్కునేది. పైగా మైనంలో, ప్రొపోలిస్‌లో పురుగుమందుల జాడలు దొరికిన సందర్భాలూ ఉన్నాయి. అంటే చేలో కొట్టిన మందునే డబ్బులిచ్చి మాత్రగా వెనక్కి కొనుక్కునే యోగం కూడా పట్టవచ్చు.

ఆ తేనె అయినా తేనేనా? 2020 డిసెంబరులో ఢిల్లీ సంస్థ సీఎస్ఈ 13 బ్రాండ్లను పరీక్షలకు పంపితే అన్నిటిలోనూ నెగ్గినవి మూడే. ఓడిన కంపెనీలు ఆ లెక్క తప్పన్నాయి, అనకేం చేస్తాయి? సరే, నల్లమలలో చెంచులు కొండచరియకు తాడు కట్టి దిగి తీసిన అసలైన పెరతేనే మీ చేతికొచ్చిందనుకుందాం. కమ్మగా ఉంటుంది, దగ్గుకు ఊరట కూడా. ఏడాది నిండని పసిబిడ్డకు మాత్రం నాకించకండి. ఎంత అడవితేనె అయినా అయిదింట నాలుగు వంతులు చక్కెరే. షుగరున్న రైతు రోజూ రెండు చెంచాలు మింగితే తెల్లకోటాయన కాపాడతానన్న కిడ్నీలకే మొదట ఎసరు.

ఇన్ని అడిగితే ఆయన డబ్బా తిప్పి 14 అంకెల నంబరు చూపిస్తాడు, సర్కారే ఒప్పుకుంది చూడండంటాడు. అది తిండి సరుకులకిచ్చే లైసెన్సు. చెగోడీల పొట్లం మీద కూడా ఉంటుంది. చెగోడీలవాళ్లు మాత్రం ఇంకా లివరు జోలికి రాలేదు.