మైసెల్ఫ్ అగళి

కర్ణాటక సరిహద్దున ఉన్న మా అగళిలో పుట్టిన పిల్లోడికి ఆరేళ్లు నిండేసరికి రెండు భాషలు వస్తాయి. ఇంట్లో కన్నడం, అంగడిలో తెలుగు. "ఊట ఆయ్తా?" అని ఒకరు అడిగితే "అయిందన్నా, మీది?" అని బదులిస్తాడు. మధ్యలో భాష మారిందని వాడికే తెలియదు. రొళ్ల, అమరాపురం, గుడిబండ, మడకశిర అంతా ఇదే వరస. ఆంధ్రలో కన్నడ మాధ్యమం సర్కారు బడులున్నాయంటే గుంటూరోళ్లు నమ్మరు గానీ, ఉన్నాయి. పదో తరగతికి సినిమాల పుణ్యాన హిందీ, పరీక్షల పాపాన ఇంగ్లీషు కొంత అంటుకుంటాయి. ఇట్లాంటి పిల్లోళ్లకు "మీకు మాట్లాడటం రాదు" అని చెప్పడానికి ఒక పెద్దమనిషి బెంగుళూరు నుంచి కారేసుకుని వచ్చాడు.

ఆయన పేరు రాయను. పేరేదైనా ఈ జాతి అంతా ఒకే అచ్చులో కోసిన ఇటుకలు. తరగతి పేరు "ఎఫెక్టివ్ కమ్యూనికేషన్ స్కిల్స్ ఫర్ ద వర్క్‌ప్లేస్". రెండు దినాలు, మధ్యాహ్నం పులిహోర పొట్లం ఉచితం. వర్క్‌ప్లేస్ ఎక్కడుందో మాత్రం కరపత్రంలో లేదు. వక్కతోటలో గెలలు దించేవాడికీ, వేరుశనగ పెరికేవాళ్లకూ, పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసి వేసే ఆడవాళ్లకూ ఈ చదువు అక్కర్లేదు కాబోలు. పట్టుపురుగు కళ్లలోకి సూటిగా చూడాల్సిన పని లేదు గదా. నా మేనల్లుడికి డిగ్రీ అయి రెండేళ్లయింది. వాడికి తోడుగా పోయి వెనక బెంచీలో కూర్చున్నాను.

మొదటి పాఠం లెక్కల్లో వచ్చింది. మనం చెప్పేదాంట్లో మాటల విలువ 7 శాతమేనంట. గొంతు 38, ఒంటి కదలిక 55. ఈ లెక్క ఆయన సొంతం కాదు. 1967లో అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, మాటొకటి మొహమొకటి అయినప్పుడు మనిషి ఇష్టాయిష్టాల్ని ఎదుటివాడు దేన్నిబట్టి కనిపెడతాడని చేసిన ప్రయోగాల్లో తేలిన సంఖ్యలివి. మూతి ముడుచుకుని "నాకేం కోపం లేదు" అనే ఇల్లాలి విషయంలో పనికొచ్చే లెక్క. అన్ని మాటలకూ దీన్ని అంటగట్టొద్దని మెహ్రాబియనే మొత్తుకున్నాడు. మాటల్లో మొత్తుకున్నాడు గదా, 7 శాతమే చేరినట్టుంది.

నిజంగా ఈ లెక్కే సరైతే మా వైపు చాలా కష్టాలు తీరాలి. పెనుకొండ దగ్గర యర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2017లో సర్కారుతో ఒప్పందం, 2019లో కార్లు బయటికి రావడం, మొదలుపెట్టినప్పుడే ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సత్తా. దాని వెంట కొరియా వాళ్లొచ్చారు, కొరియా వంటలొచ్చాయి, రోడ్డు పక్కన కొరియా అక్షరాల బోర్డులొచ్చాయి. 1565లో తళ్లికోట దెబ్బ తర్వాత విజయనగర రాజధానినే తెచ్చి పెట్టుకున్న పెనుకొండకు కొత్త దొరలు కొత్తేం కాదు. మాట 7 శాతమే అయితే కొరియా ఇంజినీరు నోరు తెరవగానే పెనుకొండ పిల్లోడికి 93 శాతం అర్థమై తీరాలి. మరి దుబాసీలకు జీతాలెందుకు? మిగిలిన ఆ 7 శాతానికి మాకు రెండు దినాల తరగతెందుకు?

తర్వాత చూపు. పెద్దల ముందు తల ఎత్తొద్దని పద్దెనిమిదేళ్లు చెప్పి పెంచిన పిల్లల్ని కళ్లలోకి గుచ్చి చూడమన్నాడు. మావాడు చూశాడు. ఎంతసేపు చూడాలో చెప్పలేదు పాపం. చివరికి సారే కళ్లు దించుకున్నాడు.

ఆపైన పరిచయం. "మైసెల్ఫ్ అని మొదలుపెట్టకండి, తప్పు" అన్నాడు. వరసగా లేచిన ఇరవై మందీ "మైసెల్ఫ్" అనే మొదలుపెట్టారు. నీ బలం ఏమిటి? కష్టపడి పని చేయడం. నీ బలహీనత? మరీ ఎక్కువ కష్టపడటం. ఇది అబద్ధమని చెప్పేవాడికి తెలుసు, అడిగేవాడికి తెలుసు, నేర్పినవాడికి ముందే తెలుసు. అయినా ముగ్గురూ తలాడిస్తారు. ఒక పిల్ల మాత్రం దారి తప్పింది. "నా బలహీనత చీకటి సార్. రాత్రి షిఫ్టు బస్సు ఊరి బయటే దింపేసి పోతుంది. అక్కడ్నుంచి నడవాలంటే భయం" అంది, చక్కటి తెలుగులో, ఒక్క తడబాటు లేకుండా. పొద్దున్నుంచీ ఆ గదిలో జరిగిన సంభాషణ అనదగ్గది అదొక్కటే. సారు చిరునవ్వుతో, 55 శాతం చిరునవ్వుతో, "అది వీక్‌నెస్ కాదమ్మా, నెగెటివ్ యాటిట్యూడ్" అన్నాడు.

అక్కడ నాకు సిలబస్ అర్థమైంది. కింది వాడు ఏది నోట్లోనే మింగేయాలో నేర్పే చదువుకు మాట్లాడటం అని పేరు పెట్టారు. పైవాడికి వినడం నేర్పే తరగతి ఎక్కడైనా ఉందేమోనని ఆ కరపత్రం రెండు వైపులా తిప్పి చూశాను. వెనక వైపు పులిహోర సంగతే ఉంది.

మధ్యాహ్నం మెయిళ్ల పాఠం. నేను పక్కన అర్థాలు రాసుకున్నాను. "యాజ్ పర్ మై ట్రెయిలింగ్ మెయిల్" అంటే, ముందే చెప్పి చచ్చాను గదరా. "లెట్స్ టేక్ ఇట్ ఆఫ్‌లైన్" అంటే, నలుగురిలో నా పరువు తీయకు. "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అంటే, ఏం చేయాలో నాకూ తెలియదు, తప్పయితే నీదే.

ఈ విద్యలో కంపెనీలు మన సర్కారు దగ్గర ఓనమాలు దిద్దాలి. ఆఫీసు తెలుగులో "బడు" అని ఒక తోక ఉంది. ఇంట్లో ఎవరూ "అన్నం తినబడింది" అనరు. అర్జీ మీద మాత్రం "పరిష్కరించబడినది" అని వస్తుంది. ఎవరు పరిష్కరించారు? ఎవరూ కాదు. అదే బడింది. ఊరోడి గోడు వినడానికి పదేళ్లలో నాలుగు పేర్లు చూశాం: మీ కోసం, స్పందన, జగనన్నకు చెబుదాం, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. బోర్డు మారినప్పుడల్లా రైతు అదే అర్జీని కొత్త తెల్లకాగితం మీద మళ్లీ రాసుకున్నాడు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా పుట్టి, పాలన దగ్గరికొచ్చిందన్నారు. అగళి వాడికి కర్ణాటకలోని శిరా పక్కూరి లెక్క. పోయి సరుకు అమ్ముకుని మధ్యాహ్నం ముద్దకు ఇంటికి చేరచ్చు. జిల్లా కేంద్రం పుట్టపర్తికి పోవాలంటే సద్ది కట్టుకోవాలి. అంత దూరం పోయి అర్జీ ఇస్తే, తిరిగి ఇంటికి చేరకముందే ఫోనుకు మెసేజీ వస్తుంది: పరిష్కరించబడినది.

మాట్లాడటం రాని మా జనం ఎట్లా బతుకుతున్నారో కూడా చెప్పాలి గదా. ఎద్దుల సంతలో దళారి తువ్వాలు కింద చెయ్యి పెట్టి, ఎదుటివాడి వేళ్లు పట్టుకునే వేలల్లో బేరం తేలుస్తాడు. పక్కన నిలబడినవాడికి ధర తెలియదు, తెలియాల్సిన ఇద్దరికీ రూపాయి తేడా లేకుండా తెలుస్తుంది. ధర్మవరం మగ్గం మీద జకార్డు అట్టలకు చిల్లులుంటాయి. ఏ చిల్లు దగ్గర ఏ పోగు లేవాలో అట్ట చెబుతుంది, పోగు వింటుంది. ఫ్రాన్సులో జకార్డ్ ఈ ఏర్పాటు చేసి రెండు వందల ఏళ్లు దాటింది. ఇంతవరకు ఏ పోగూ "విల్ రివర్ట్" అనలేదు. చీర అంచు మీద నెమలి దిగాల్సిన చోటే దిగుతోంది.

రెండో దినం సారు స్థానిక ఉదాహరణ తెచ్చాడు. హిందూపురం దగ్గర లేపాక్షి, విరూపణ్ణ కథ. పదహారో శతాబ్దం, అచ్యుతదేవరాయల కాలం. ఖజానా చూసే విరూపణ్ణ, రాజు ఊళ్లో లేనప్పుడు ఖజానా సొమ్ముతో గుడి కట్టించాడనీ, తిరిగొచ్చిన రాజు మండిపడి కళ్లు పీకించమన్నాడనీ, ఆ శిక్ష విరూపణ్ణే తన చేత్తో వేసుకుని కళ్లు గోడకేసి కొట్టాడనీ ఊళ్లో చెబుతారు. గోడ మీద ఎర్ర మరకలు ఇప్పటికీ చూపిస్తారు, కల్యాణ మండపం ఇప్పటికీ సగమే. "సో, ఏం నేర్చుకున్నాం? కీప్ యువర్ బాస్ ఇన్ఫార్మ్‌డ్. ఒక్క అప్రూవల్ తీసుకుని ఉంటే కళ్లు మిగిలేవి" అన్నాడు సారు. అయిదు వందల ఏళ్ల తర్వాత కూడా తప్పు విరూపణ్ణదే.

చీకటంటే భయపడిన పిల్ల మళ్లీ చెయ్యెత్తింది. "అంత పెద్ద గుడి ఒక్క దినంలో లేవదు గదా సార్. అన్నాళ్లూ రాజుగారు ఏం చూస్తున్నట్టు?"

"గుడ్ క్వశ్చన్" అన్నాడు సారు, స్లయిడు మార్చాడు.

సాయంత్రం అభిప్రాయం రాయమని కాగితాలు పంచారు. ఇంగ్లీషులో ప్రశ్నలు, ఎదురుగా అయిదు నక్షత్రాలు. ఒక్క నక్షత్రం మీద పెన్ను పెట్టిన కుర్రాడి దగ్గరికి పోయి, "బాబూ, సర్టిఫికెట్ కావాలి గదా" అని సారు చెవిలో అన్నాడు. రెండు దినాల్లో ఆయన మాట నూటికి నూరు శాతం అర్థమైంది అప్పుడే.

ఇంటికొచ్చేసరికి మా అమ్మ, అంటే మేనల్లుడికి అవ్వ, అరుగు మీద కూర్చుని వక్కలు ఒలుస్తోంది. ఆమె మనవణ్ని అడిగింది కన్నడంలో, నేను తెలుగులో రాస్తున్నాను.

"ఏం నేర్పిరిరా?"

"మాట్లాడేది నేర్పిరవ్వా."

"పని ఎక్కడిస్తారంట? జీతం ఎంతంట?"

"అది చెప్పలేదవ్వా."

అవ్వ చేతిలో వక్క పక్కన పెట్టింది. "రెండు దినాలు మాట్లాడి, అదొక్కటీ చెప్పలేదా?"