ఆకుల కింద పోయిన బంతి గురించి కమిటీ వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కౌంటీ పబ్లిక్ గోల్ఫ్ కోర్సు కమిటీ వారి సముఖమునకు, న్యూజెర్సీలో కాపురముండి, శని ఆదివారములలో తమరి గడ్డి తొక్కుచూ తమరి చెట్లకు దణ్ణములు పెట్టుచూ తిరుగు ఒక తెలుగువాడు వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

ఇది ఫీజు తగ్గించమనే లేఖ కాదు. కౌంటీలో ఉంటున్నందుకు ఒక కార్డు చేతిలో పెట్టి, తక్కువ రుసుముకే ఆడనిస్తున్నారు. నేను పుట్టి పెరిగిన చోట గోల్ఫ్ అంటే ప్రహరీగోడకు అవతలి వ్యవహారం. సభ్యత్వం, సిఫార్సు, సెల్యూట్ కొట్టే గేటు. ఇక్కడ మీ స్టార్టర్ ఎవరి పక్కన నిలబెడితే ఆ పూటకు వాళ్లే మన చుట్టాలు. పోస్ట్‌మన్‌గా రిటైరైన పెద్దాయన, ఒక ప్లంబరు, సాఫ్ట్‌వేరు చేసే మా బావగారు, నేను కలిసి పద్దెనిమిది హోల్స్ తిరిగొస్తాం. 1895లో బ్రాంక్స్‌లోని వాన్ కోర్ట్‌లాండ్ పార్కులో ఈ దేశపు మొదటి పబ్లిక్ కోర్సు తెరిచిన వాళ్ల పుణ్యం ఇదంతా. దానికి వంక పెట్టే ఉద్దేశం లేదు.

గ్రీన్ల నిండా రంధ్రాలు పొడిచి ఇసుక చల్లారు, పుట్ కొడితే బంతి గెంతులేసింది. గడ్డి వేళ్లకు గాలి తగలాలి కదా అని ఊరుకున్నాం. పొద్దున్నే నేలంతా మంచు పేరుకుందని ఆట ఆపారు. గడ్డకట్టిన గడ్డి మీద అడుగేస్తే కణాలు చిట్లి, పాదముద్ర ఉన్నంతమేరా మాడిపోతుందని తెలుసు కనుక కాఫీ తాగుతూ కూర్చున్నాం. ఇక కెనడా బాతులు ఫెయిర్‌వే మీద చేసిపోయే పని గురించి రాయడం మర్యాద కాదు. నియమాల ప్రకారం అదీ విడిగా పడి ఉన్న వస్తువే, ఎవరైనా చేత్తో తీసేయవచ్చు. ఆ ఎవరైనా ఇంతవరకు ముందుకు రాలేదు.

నా గోడు ఆకుల గురించి.

మా తెలుగునాట శరత్తు అంటే తెల్లటి మబ్బులు, రెల్లు పూలు, వెన్నెల. చెట్లు ఆకు రాల్చేది శిశిరంలో. మీ దగ్గర అక్టోబరులోనే మొదలు. పగలు కురచ కాగానే చెట్టు తొడిమ దగ్గర ఒక పొర కట్టుకుని ఆకును వదిలించుకుంటుంది. మేపుల్ ముందు, ఓక్ వెనక. ఎర్ర ఓక్‌కు రాష్ట్రవృక్షమనే హోదా కూడా ఉంది కనుక దానికేం తొందర లేదు, నవంబరు అంతా విడతలవారీగా విడుదల చేస్తుంది. కార్తీకంలో చెట్ల కింద గడపడం మాకు పుణ్యకార్యమే. కానీ ఉసిరిచెట్టు కింద వనభోజనానికి కూర్చోవడం వేరు, ఓక్ చెట్టు కింద నడుం వంచి, 42.67 మిల్లీమీటర్ల బంతి కోసం కాలితో ఆకులు చిమ్ముకుంటూ తిరగడం వేరు.

మీ పద్నాలుగో హోల్ సంగతే తీసుకోండి. ఎడమ పక్క మేపుల్స్, కుడి పక్క ఓక్‌లు, గాలి ఎటు వీచినా ఆకులు చేరేది మధ్యలోని పల్లానికే. పోస్ట్‌మన్ పెద్దాయన దెబ్బ చిన్నదైనా తిన్నగా పోతుంది. బంతి లేచింది, పల్లంలో దిగింది, ఆకుల్లో చిన్న అలజడి. నలుగురం చూశాం. నలుగురం నడిచి వెళ్లాం. బంతి లేదు.

ఇప్పుడు చట్టం మాట్లాడుతుంది. వెతకడం మొదలుపెట్టిన క్షణం నుంచి మూడు నిమిషాలు. 2019కి ముందు అయిదు ఉండేవి, ఆట త్వరగా సాగాలని మూడు చేశారు. మూడు నిమిషాలు దాటితే బంతి పోయినట్టే. పెద్దాయన వచ్చిన దారినే, మొదట బంతి కొట్టిన టీ దాకా తిరిగి నడవాలి, ఒక దెబ్బ శిక్ష వేసుకోవాలి, అక్కడి నుంచి మూడో దెబ్బ కొట్టాలి. ఈలోగా టీ మీద వెనక జట్టు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటుంది. వాళ్ల మధ్యలోంచి డెబ్బై దాటిన మనిషి మళ్లీ బంతి పెట్టుకుని కొట్టాలి. కొట్టిన బంతి తిన్నగానే పోతుంది, మళ్లీ ఆ పల్లంలోకే.

పోయిందేమోనని అనుమానం ఉంటే, వెతకబోయే ముందే టీ నుంచి ఇంకో బంతి, అదే ప్రొవిజనల్ బంతి, కొట్టుకోవచ్చు కదా అంటారు. కొట్టుకోవచ్చు. ఫెయిర్‌వే నడిమధ్యలో దిగిన బంతికి ప్రొవిజనల్ కొడుతున్నవాణ్ణి వెనక జట్టువాళ్లు ఎలా చూస్తారో మీరొకసారి వచ్చి చూడాలి.

ఈ శిక్ష నిన్నమొన్నటిది కాదు. 1744లో ఎడింబరో పెద్దమనుషులు లీత్ మైదానంలో ఆడుకోవడానికి పదమూడు నియమాలు రాసుకున్నారు. మనకు తెలిసినంతలో గోల్ఫ్‌కు మొదటి లిఖిత శాసనం అదే. బంతి పోతే కొట్టిన చోటికి వెనక్కి వెళ్లు, ఎదుటివాడికి ఒక దెబ్బ ఇచ్చుకో అన్న మాట అందులోనే ఉంది. ఆ పెద్దలు ఆలోచించని విషయం లేదు. రాళ్ల గురించి రాశారు. ఎముకల గురించి రాశారు. విరిగిన కర్రల గురించి, మురికినీళ్ల గురించి, బంతికి గుర్రమో కుక్కో అడ్డం వస్తే ఏం చేయాలన్నదాని గురించి రాశారు. రాలిన ఆకు గురించి ఒక్క ముక్క లేదు. ఎందుకుంటుంది? సముద్రపు గాలి కొట్టే పచ్చిక బయలు అది. అక్కడ పోయిన బంతి అంటే ఆటగాడు ఎటో అడ్డంగా కొట్టిన బంతి, కనుక శిక్ష న్యాయమే. అక్కడి శాసనాన్ని తెచ్చి న్యూజెర్సీ ఓక్ చెట్ల కింద అమలు చేస్తే, తిన్నగా కొట్టినవాడికీ అడ్డంగా కొట్టినవాడికీ ఒకే శిక్ష పడుతోంది. నిజానికి అడ్డంగా కొట్టేవాడికే నయం. మా బావగారి బంతి ఎప్పుడూ కుడిచేతి అడవిలోకే పోతుంది కనుక ఆయన ప్రొవిజనల్ కొట్టుకునే బయలుదేరతారు.

తరువాతి నియమాల్లో ఆకుకు చోటు దొరికింది, కానీ ఎలాగో చూడండి. కొమ్మనున్న ఆకు చెట్టులో భాగం, దారికి అడ్డమని తుంపితే రెండు దెబ్బలు. అదే ఆకు రాలిందా, విడి వస్తువు, ఎక్కడైనా తీసేయవచ్చు. వెతుకుతూ వెతుకుతూ పొరపాటున బంతిని తన్నితే శిక్ష లేదు, తీసి మొదటి చోటే పెట్టాలి. కానీ బంతి కనబడ్డాక, దాని మీద ఆనుకున్న ఆకును తీస్తుంటే అది పిసరంత కదిలినా ఒక దెబ్బ. అంటే నవంబరులో కళ్లు మూసుకుని తన్నేవాడు క్షేమం, కళ్లు తెరిచి మునివేళ్లతో తీసేవాడు దోషి. ఇందులో తర్కం ఉందని మా ప్లంబరు మిత్రుడు ఆరో హోల్ నుంచి తొమ్మిదో హోల్ దాకా నాకు వివరించాడు. ఉంది, ఒప్పుకున్నాను. అయినా మింగుడుపడలేదు.

టీవీలో వచ్చే పోటీల్లో ఈ బాధ కనబడదు. అక్కడ బంతి ఎటు పోయినా దాని చుట్టూ వందలమంది జనం, జెండాలు పట్టుకున్న వాలంటీర్లు, కెమెరాలు. మూడు నిమిషాలు వాళ్లకు చాలా ఎక్కువ. డబ్బున్న ప్రైవేటు క్లబ్బుల్లో తెల్లవారేసరికి ఒక దండు బ్లోయర్లు తగిలించుకుని ఫెయిర్‌వేలన్నీ ఊడ్చేస్తుంది. మీకున్న మనుషులెందరో మాకు కనబడుతూనే ఉంది. వేసవిలో గడ్డి కోసిన కుర్రాళ్లు కాలేజీలకు వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు పొద్దుటి నుంచి ఊదినా మధ్యాహ్నానికి గాలి మళ్లీ కప్పేస్తుంది. పైగా ఊదిన ఆకుల్ని కుప్పలుగా చేర్చేది రఫ్ అంచున. మావంటి వాళ్ల బంతులు చేరేదీ సరిగ్గా అక్కడికే. వాళ్ల తప్పు కాదు. కానీ లెక్క చూస్తే, ఆకుల పన్ను కట్టేది జనం కోర్సులో ఆడే జనమే.

బంతి రంగు మార్చమంటారా? ఆ ముచ్చటా తీరింది. తెల్ల బంతితో వెతికితే తెల్లగా గుండ్రంగా కనబడ్డదల్లా పఫ్‌బాల్ అనే పుట్టగొడుగు, పెద్దాయన దానికి గురి కూడా చూసుకున్నారు. పసుపు బంతి కొన్నాం, హికరీ ఆకులు పసుపు. నారింజ రంగు కొన్నాం, షుగర్ మేపుల్ నారింజ. ఎరుపు గురించి చెప్పనే అక్కర్లేదు. స్వీట్‌గమ్ చెట్లు గుండ్రటి ముళ్లకాయలు, నల్ల వాల్‌నట్ చెట్లు పచ్చటి కాయలు పోటీపడి రాలుస్తాయి. నీలం బంతి ఒక్కటే బాగా కనబడింది. దాన్ని నీళ్లలోకి కొట్టింది మా బావగారు.

ఇక అసలు మనవి. దీనికి మందు పైవాళ్లు ఎప్పుడో రాసిపెట్టారు. చట్టం రాసే రెండు సంస్థల్లో ఒకటైన ఆర్ అండ్ ఏ సెయింట్ ఆండ్రూస్‌లో ఉంటే, రెండోదైన యూఎస్‌జీఏ మన న్యూజెర్సీలోనే, లిబర్టీ కార్నర్‌లో ఉంది. ఆకుల బాధ తెలియని ఊరు కాదది. కోర్సుల కమిటీలు కావాలంటే పెట్టుకోవచ్చని వాళ్లు ఇచ్చిన స్థానిక నియమాల నమూనాల్లో ఎఫ్-14 అని ఒకటుంది. ఆకులో, గింజలో, ఓక్ కాయలో పోగుపడి బంతి దొరక్కుండా చేసే కాలంలో, ఆ బాధ ఉన్న హోల్స్‌లో మాత్రం, ఆ పోగుల్ని మరమ్మతులో ఉన్న నేలగా ప్రకటించుకోవచ్చు. అప్పుడు బంతి ఆ పోగులోనే పోయిందని తేలితే, శిక్ష లేకుండా, పక్కన మోకాలి ఎత్తు నుంచి ఇంకో బంతి వదిలి ఆడుకోవచ్చు. మీరు చేయాల్సిందల్లా ఒక కాగితం అంటించడం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మా వైపు సామెత. తమరు ఆ సామెతను అట్లాంటిక్ దాటించవద్దని ప్రార్థన.

దీన్ని అడ్డం పెట్టుకుని అడవిలోకి కొట్టినవాడూ ఆకుల్లో పోయిందంటాడు కదా అని మీకు అనుమానం రావచ్చు. మా బావగారిని చూసినవారెవరికైనా వస్తుంది. కానీ పోయి ఉండవచ్చు అంటే చెల్లదు. అక్కడే పోయిందనడానికి కనీసం 95 శాతం అవకాశం ఉందని ఆధారాలు చెప్పాలి, నియమంలోనే ఆ అంకె ఉంది. నలుగురు చూస్తుండగా పల్లంలో దిగిన బంతి ఆ పరీక్షకు నిలుస్తుంది, కుడివైపు కొమ్మలకు టకటకా తగిలి మాయమైన బంతి నిలవదు.

అయినా ఈ ఆటలో మనిషి మాటకున్న విలువ ఎంతని? 1925లో వూస్టర్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌లో బాబీ జోన్స్ రఫ్‌లో నిలబడి, నా బంతి కదిలింది, నాకో దెబ్బ వేయండి అన్నాడు. ఇంకెవ్వరూ చూడలేదు. అధికారులు అడిగి చూశారు, ఆయన పట్టు వదల్లేదు. చివరికి విల్లీ మెక్‌ఫార్లేన్‌తో సమానంగా నిలిచి, ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. ఆ ఒక్క దెబ్బ లేకపోతే కప్పు ఆయనదే. తనకు నష్టం కలిగించే సాక్ష్యం చెబితే ఒక్కడి కన్ను చాలినప్పుడు, మా పెద్దాయనకు మేలు చేసే సాక్ష్యానికి నాలుగు జతల కళ్లు ఎందుకు చాలవు?

ఎఫ్-14 మరీ ఉదారమనిపిస్తే, అదే నమూనాల్లో ఈ-5 అని ఇంకొకటి ఉంది. రెండు దెబ్బల శిక్ష వేసుకుని, బంతి పోయిన చోటికి దగ్గరలో, ఫెయిర్‌వే అంచున ఇంకోటి వదిలి ముందుకు పోవడం. మామూలు ఆటల కోసమే దాన్ని పెట్టారు. శిక్ష పడుతుంది గానీ పెద్దాయన మోకాళ్లు మిగులుతాయి, వెనక జట్టు తిట్లు తప్పుతాయి. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక సాయంత్రం అయిదు కాకముందే పొద్దు గూకుతుంది. మధ్యాహ్నం తక్కువ ధర టికెట్టు కొన్నవాళ్లు పద్దెనిమిదో హోల్ మొహం చూడాలంటే ఎవరో ఒకరు టీకి వెనక్కి నడవడం మానాలి. ఆట త్వరగా సాగాలన్నదే తమరి కోరిక అయితే, బండి మీద మార్షల్‌ను పంపి మా వెనక హారన్ కొట్టించడం కన్నా ఇది చవక.

నాలుగు, పదకొండు, పద్నాలుగు. ఈ మూడు హోల్స్ చాలు. అక్టోబరు నడిమి నుంచి ఆకులు ఎత్తేసేదాకా చాలు. డిసెంబరులో కాగితం పీకేయండి, మేమేమీ అనుకోం.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి పద్నాలుగో హోల్ పల్లంలో చాలా బంతులు దానం చేసిన
ఒక రుసుము చెల్లింపుదారు

నకలు: యూఎస్‌జీఏ, లిబర్టీ కార్నర్, ఆర్ అండ్ ఏ, సెయింట్ ఆండ్రూస్, ఎర్ర ఓక్, పద్నాలుగో హోల్ కుడిపక్క.

తా.క.: కాగితం స్టార్టర్ కిటికీకి లోపలివైపు అంటించగలరు. గ్రీన్లకు రంధ్రాలు పొడిచే నోటీసు బయటి బోర్డుకు పెట్టినప్పుడు దాని మీద తడి ఆకులు అతుక్కుని, తేదీ ఎవరికీ కనబడలేదు.